పూజ పెట్టెలోని రూపాయికి ఆ మెరుపు ఎక్కడిది?

శ్రావణ శుక్రవారం నాడు కోనసీమలో చాలా ఇళ్లలో పూజ పెట్టె తెరుచుకుంటుంది. వరలక్ష్మి కలశం దగ్గర పెట్టే కాసులపేరుతో పాటు, పెట్టె అడుగున ఎర్రగుడ్డలో చుట్టి ఉంచిన నాలుగైదు వెండి రూపాయలు కూడా బయటికి వస్తాయి. వాటిలో విక్టోరియా రాణి బొమ్మ ఉన్నది ఒకటైనా ఉంటుంది. చింతపండు పులుసుతో రుద్ది, విభూదితో తోమి, మెత్తని పాత పంచె ముక్కతో తుడిచాక ఆ రూపాయి తళతళలాడుతుంది. రెండు మూడు తరాలుగా ఏటా దానికి అదే సేవ జరుగుతూ ఉంటుంది. ఇంట్లో కుర్రవాడు ఆ రూపాయిని ఫోనులో ఫొటో తీస్తాడు. అంతే మెరుపున్న విక్టోరియా ప్రూఫ్ రూపాయి, అంటే టంకశాల ప్రత్యేకంగా తీసిన రూపాయి, వేలంలో లక్షలు పలికిందని చదివి, తమదీ అదేనని నమ్ముతాడు. రాజమహేంద్రవరంలో పాత నాణేల దుకాణదారు మాత్రం దాన్ని ఒక్కసారి దీపం కింద తిప్పి చూసి, వెండి ధరకు కాస్త పైన ఇస్తానంటాడు.

దుకాణదారు మోసం చేస్తున్నాడని ఆ ఇంట్లో అనుకోవడం సహజం. చాలాసార్లు ఆయన చెప్పేదే నిజం. ఆయన చూసింది మెరుపు ఎంత ఉందని కాదు, ఎక్కడినుంచి వచ్చిందని. నాణెం మీద మెరుపుకు మూడు పుట్టుకలున్నాయి. టంకశాల ప్రత్యేకంగా సిద్ధం చేసిన అచ్చు ఇచ్చినది మొదటిది. మామూలు అచ్చే ఇంకా కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చినది రెండోది. టంకశాల దాటి వచ్చాక మనిషి చెయ్యి ఇచ్చినది మూడోది. నాణేలకు గ్రేడు కట్టే నిపుణులు ప్రూఫ్ అవునా కాదా అని తేల్చేటప్పుడు చేసేదంతా ఈ మూడింటినీ వేరు చేయడమే.

ప్రూఫ్ అనే మాటను ‘చాలా బాగున్న నాణెం’ అనే అర్థంలో వాడడంతోనే గందరగోళం మొదలవుతుంది. అది నాణెం తయారైన పద్ధతికి పేరు. అచ్చు సరిగా కుదిరిందో లేదో చూడడానికి తీసే నమూనా ముద్రలకు మొదట ఆ పేరు వచ్చింది. తర్వాత సేకరించేవారి కోసం, కానుకల కోసం అదే శ్రద్ధతో నాణేలు తీయడం అలవాటైంది. ప్రూఫ్ కోసం అచ్చులోని ఖాళీ భాగాన్ని అద్దంలా సానపెడతారు. ముద్ర వేయాల్సిన లోహపు బిళ్ళను కూడా విడిగా ఎంచి నునుపు చేస్తారు. ఆ బిళ్ళను చేత్తో అచ్చుల మధ్య పెట్టి, ఎక్కువ ఒత్తిడితో కనీసం రెండుసార్లు నిదానంగా ముద్రిస్తారు. తీసిన నాణేన్ని మరోదానికి తగలకుండా పక్కన పెడతారు. మామూలు నాణేల సంగతి వేరు. నేటి యంత్రాలు నిమిషానికి వందల కొద్దీ ముద్రిస్తాయి. ఒక్కో బిళ్ళ మీద పడేది ఒక్క దెబ్బే. ముద్ర పడిన నాణెం తొట్టిలో తోటి నాణేల మీద పడి, సంచుల్లో ఒరుసుకుంటూ బయటికి వస్తుంది.

ప్రూఫ్ అవునా కాదా అన్న నిర్ణయం గ్రేడు అంకె కన్నా ముందు జరగాలి. నాణెం స్థితిని 1 నుంచి 70 దాకా అంకెలతో చెప్పే పద్ధతిని విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం రూపొందించాడు. నాణేలకు గ్రేడు కట్టే అమెరికా సంస్థలు, 1986లో పని ప్రారంభించిన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్‌జీసీ, ఆ కొలమానాన్నే ఇతర దేశాల నాణేలకూ వాడుతున్నాయి. చలామణీలోకి వెళ్లని మామూలు నాణేనికి 60 నుంచి 70 మధ్య అంకె, దాని ముందు ఎంఎస్ (మింట్ స్టేట్) అనే అక్షరాలు ఉంటాయి. ప్రూఫ్‌కు పీఆర్ లేదా పీఎఫ్ అని రాస్తారు. ప్రూఫ్ సెట్టులోని రూపాయిని ఎవరో తెలియక కొట్లో ఇచ్చేశారనుకుందాం. అది పది చేతులు మారి అరిగిపోతే దాని గ్రేడు పీఆర్ 45కి పడిపోవచ్చు. ప్రూఫ్‌గా పుట్టింది కాబట్టి ప్రూఫ్‌గానే ఉంటుంది. మామూలు ముద్ర నాణేన్ని ఎంత జాగ్రత్తగా దాచినా, ఎంత మెరిసినా, అది ప్రూఫ్ కాలేదు.

ఇక మెరుపుల సంగతి. మామూలు ముద్రలో లోహం ఒక్క దెబ్బకు నడిమి నుంచి అంచుల వైపు పరుగెత్తుతుంది. ఆ పరుగు వేలాది నాణేల మీద జరిగేసరికి అచ్చు ముఖం మీద కంటికి ఆనని సన్నని చారలు పడతాయి. ఆ చారలే నాణెం మీదికీ దిగుతాయి. అలాంటి నాణేన్ని ఒకే దీపం కింద మెల్లగా తిప్పితే వెలుగు బండిచక్రపు ఆకుల్లా నడిమి నుంచి చీలి, గుండ్రంగా తిరుగుతుంది. గాలికి వణికే పంట కాలువ నీటి మీద ఎండ పడితే కనిపించే కదలిక లాంటిదది. ప్రూఫ్ ఖాళీ భాగం గాలి ఆడని వేకువన చెరువు నీరు. వెలుగు తిరగదు. ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో తెల్లగా మారిపోతుంది, ఎదురుగా ఉన్న వస్తువును చూపిస్తుంది. తోమిన నాణెం ఈ రెండింటిలో ఏదీ చేయదు. చక్రమూ తిరగదు, బొమ్మా తేటగా కనబడదు. ఉపరితలమంతా ఒకే తీరుగా, సబ్బునీళ్ల జిగిలా మెరుస్తుంది. ఈ మూడు తీర్లనూ తెలిసిన నాణేల మీద పది పన్నెండు సార్లు చూసిన కన్ను మళ్లీ సులభంగా మోసపోదు.

దీపం విషయంలో మన ఇళ్లలో ఒక ఇబ్బంది ఉంది. ట్యూబులైటు, ఎల్‌ఈడీ పలకల వెలుగు అన్ని వైపుల నుంచీ పరుచుకుంటుంది కాబట్టి సన్నని గీతలు అందులో మునిగిపోతాయి. ఒక్క చోటు నుంచి వచ్చే వెలుగు కావాలి. చీకటి గదిలో పాత తరం ఫిలమెంటు బల్బు ఒక్కటి చాలు. దానికి తోడు గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే భూతద్దం ఉండాలి. ఐదింతల నుంచి పదింతల వరకు పెద్దది చేస్తే సరిపోతుంది. అంతకు మించి పెద్దది చేస్తే ప్రతి మచ్చా గాయంలా కనిపించి, మొత్తం రూపం చెదిరిపోతుంది.

అద్దపు మెరుపు ఉన్నంత మాత్రాన ప్రూఫ్ అనడానికి లేదన్న సంగతి అమెరికా మోర్గాన్ డాలర్లు బాగా చూపిస్తాయి. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో ముద్రించిన ఈ వెండి డాలర్లలో, అప్పుడే సానపెట్టిన మామూలు అచ్చు నుంచి మొదట వచ్చినవి అద్దాల్లా ఉంటాయి. వాటిని ప్రూఫ్‌లైక్ అంటారు. అక్షరాలు ముద్రించిన కాగితాన్ని నాణెం ఎదుట నిలబెట్టి, ఎంత దూరం దాకా అక్షరాలు తేటగా ప్రతిబింబిస్తాయో కొలుస్తారు. రెండు నుంచి నాలుగు అంగుళాల వరకు కనిపిస్తే ప్రూఫ్‌లైక్. ఆరు అంగుళాలు, ఆపైన అయితే డీప్ మిర్రర్ ప్రూఫ్‌లైక్. రెండు ముఖాలూ ఆ పరీక్షలో నెగ్గాలి. అంత లోతైన అద్దం ఉన్నా అవి మామూలు ముద్రలే. వాటి గ్రేడు చీటీ మీద ఎంఎస్ అనే ఉంటుంది.

మరి తేడా పట్టేది ఎక్కడ? అంచు దగ్గర. నాణెం చుట్టూ పొలం గట్టులా లేచి ఉండే అంచును పక్క నుంచి చూడాలి. ప్రూఫ్‌లో రెండు దెబ్బల ఒత్తిడికి లోహం అచ్చు మూలలోకంటా వెళ్లి నిండుతుంది. గట్టు పైభాగం చదునుగా, లోపలి వైపూ వెలుపలి వైపూ కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా ఉంటుంది. కొన్నిసార్లు అచ్చుకూ, ముద్ర పడేటప్పుడు బిళ్ళను చుట్టి ఉంచే పట్టీకీ మధ్య సందులోకి లోహం చొరబడి, గట్టు కొసన తీగలాంటి సన్నని అంచు కూడా లేస్తుంది. మామూలు ముద్రలో గట్టు భుజాలు కొద్దిగా గుండ్రంగా జారి ఉంటాయి. అక్షరాలూ అంతే. ప్రూఫ్‌లో అక్షరం గోడలు ఖాళీ భాగం నుంచి నిటారుగా లేస్తాయి. మామూలు నాణెంలో అవి మట్టిదిబ్బలా ఏటవాలుగా దిగుతాయి.

తోమిన రూపాయిని పట్టించేది కూడా అక్షరాలే. 1862 నుంచి వచ్చిన విక్టోరియా రూపాయి వెనుకవైపు పూల తీగ చట్రంలో ఇంగ్లీషులో వన్ రూపీ, ఇండియా అని ఉంటుంది. అందులో ఓ, ఆర్, పీ, డీ, ఏ అక్షరాలకు లోపల మూసుకుపోయిన చిన్న గదులున్నాయి. ప్రూఫ్ అచ్చులో ఆ గదుల అడుగు కూడా సానపట్టి ఉంటుంది కాబట్టి ముద్ర పడినప్పుడు అక్కడా అద్దమే వస్తుంది. విభూది పట్టిన వేలు ఆ గదిలోకి వెళ్లలేదు. కంసాలి దుకాణంలోని మెరుగు చక్రమూ వెళ్లలేదు. అందుకే తోమిన రూపాయిలో బయటంతా తళుకు, అక్షరాల కడుపులో మసక. తీగ ఆకుల సందుల్లో, రాణి మెడ కింద నగిషీ మడతల్లో ఏళ్లనాటి నల్లని మురికి, ఒక్కోసారి తెల్లటి విభూది పొడి కూడా గట్టిపడి ఉంటుంది.

మరో ఆధారం గీతల్లో ఉంది. గ్రేడింగు నేర్చుకునేవారికి అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది ఇదే. అచ్చును సానపట్టినప్పుడు అచ్చు మీద గాట్లు పడతాయి. అచ్చు మీద లోతైనది నాణెం మీద ఎత్తవుతుంది. కాబట్టి అచ్చు సాన గీతలు నాణెం మీద పైకి ఉబ్బి ఉంటాయి. బొమ్మ, అక్షరాల దాకా వచ్చి అక్కడ ఆగిపోతాయి, వాటి మీదుగా సాగవు. గుడ్డతోనో పొడితోనో పడ్డ గీతలు నాణెంలోకి దిగబడి ఉంటాయి. రాణి చెంప మీదుగా, అక్షరాల మీదుగా, ఖాళీ భాగం మీదుగా ఒకే ఊపులో సాగిపోతాయి. ఉబ్బిన గీత టంకశాలలో పుట్టింది కాబట్టి దాని వల్ల గ్రేడు పెద్దగా తగ్గదు. దిగబడిన గీత నష్టమే. నిజమైన ప్రూఫ్ మీదైతే ఆ నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అద్దం మీద వెంట్రుకంత గీత కూడా దాగదు. ఒక్కసారి పంచె కొంగుతో తుడిచిన ప్రూఫ్ నాణెం గ్రేడు నాలుగైదు అంకెలు పడిపోవడం ఈ రంగంలో మామూలు సంగతి. తోముడు బలంగా జరిగి ఉంటే అంకె ఇవ్వడానికే నిరాకరించి, శుభ్రం చేసిన నాణెమని మాత్రమే రాసి పంపుతారు.

కాసులపేరు, దండల కోసం కాడ అతికించిన రూపాయలదీ ఇదే కథ. కాడ ఊడదీసి, ఆ మచ్చ కనపడకుండా నాణెమంతటికీ మెరుగు పెట్టిస్తారు. గట్టు మీద, సాధారణంగా కిరీటం పైభాగాన, గుండ్రని మెత్తదనం మిగులుతుంది. పక్క అంచు గీట్లు అక్కడ పూడిపోయి ఉంటాయి.

మెరుపు లేకపోయినా ప్రూఫ్ కావచ్చు. ఈ మాట వింతగా అనిపించినా సాక్ష్యం గట్టిదే. 1902లో ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకానికి బ్రిటన్ తీసిన ప్రూఫ్ సెట్టు మసక రకం. అద్దం ఎక్కడా ఉండదు, ఉపరితలమంతా సన్నని ఇసుక పరిచినట్టు ఉంటుంది. అమెరికాలో లింకన్ సెంట్లకు కూడా 1909 నుంచి 1916 వరకు మసక ప్రూఫులే వచ్చాయి. వాటిని పక్కనున్న మామూలు సెంటు నుంచి వేరు చేయడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. అక్కడ తీర్పు చెప్పేవి నిటారు గట్టు, నిండుగా దిగిన వివరాలు, ఆ ప్రూఫ్ అచ్చులకే ఉన్నాయని తెలిసిన చిన్న చిన్న గుర్తులు. మెరుపు కన్నా అంచునే ఎక్కువగా నమ్మాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే చెయ్యి చాచి నాణెం విసరడం ఈ ప్రాంతపు అలవాటు. పుష్కరాల్లో స్నాన ఘట్టాల దగ్గరా అంతే. ఇసుకలో ఏళ్లు దొర్లి, మళ్లీ ఒడ్డుకు చేరిన పాత నాణేల మీద కూడా ఒకేరకమైన మసక ఉంటుంది. దాన్ని మసక ప్రూఫ్ అనుకునే ప్రమాదం ఉంది. ఇసుక అన్నిటికన్నా ముందు ఎత్తైన చోట్లను, అంటే చెంపను, జుట్టును, గట్టు కొసలను తింటుంది. అచ్చు నుంచి వచ్చిన మసకలో ఎత్తైన చోట్లే అత్యంత స్పష్టంగా ఉంటాయి. ఇసుక తిన్న నాణెంలో అవే ముందుగా చదునవుతాయి. బరువు కూడా తగ్గుతుంది.

టంకశాల గుర్తులు సాయం చేస్తాయి గానీ వాటికే తీర్పు వదిలేయకూడదు. ముంబయి టంకశాల మామూలు నాణేల మీద వజ్రాకారపు గుర్తు వేస్తుంది. 1969 నాటి గాంధీ శతజయంతి వెండి పది రూపాయల కాలం నుంచి అక్కడి ప్రూఫుల మీద ఇంగ్లీషు బి అక్షరం కనిపిస్తుంది, నగరం పేరు మారాక దాని చోటులో ఎం వచ్చింది. కాబట్టి ఆ కాలపు ముంబయి నాణెం మీద బి లేదా ఎం ఉంటే అది బలమైన ఆధారం. హైదరాబాద్ టంకశాల నక్షత్రం గుర్తు వాడుతుంది, కోల్‌కతా గుర్తే వాడదు. అక్కడి నాణేలను అక్షరం చూసి వేరు చేయడం కుదరదు. టంకశాలలు అమ్మే స్మారక నాణేల సెట్లలో ప్రూఫ్ పెట్టె ఒకటి, యూఎన్‌సీ పెట్టె ఒకటి ఉంటాయి. యూఎన్‌సీ అంటే చలామణీకి వెళ్లని మామూలు ముద్ర అని అర్థం. అందులోనూ కొత్త అచ్చు మెరుపు బాగానే ఉంటుంది. పెట్టెలు తెరిచి నాణేలు కలిపేశాక చాలామంది రెంటినీ తారుమారు చేస్తారు. అలాంటప్పుడు బొమ్మ వైపు చూడాలి. నేటి ప్రూఫ్‌లో ఖాళీ భాగం నల్లని అద్దం, అశోక సింహాలు పెరుగులా తెల్లని మసక. ఆ రెంటి ఎడం కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని కేమియో అంటారు. పాత రోజుల్లో అచ్చు మీద ఆ తెల్లని మసక మొదటి కొన్ని ముద్రలకే అరిగిపోయేది, అందుకే పాత ప్రూఫుల్లో నిండు కేమియో అరుదు, ఖరీదూ ఎక్కువ. అంటే పాత నాణెంలో అది లేకపోవడం ప్రూఫ్ కాదనడానికి ఆధారం కాదు.

భీమవరం, అమలాపురం వైపు ఇళ్లకు అమెరికా నుంచి పిల్లలు తెచ్చే సిల్వర్ ఈగిల్ నాణేల దగ్గరా ఇదే చిక్కు వస్తుంది. పెట్టుబడి కోసం అమ్మే మామూలు ముక్క మీద టంకశాల అక్షరం సాధారణంగా ఉండదు. ప్రూఫ్ మీద ఎస్, పీ, డబ్ల్యూ వంటి అక్షరం ఉంటుంది. అయితే 2006 నుంచి నునుపు చేసిన బిళ్ళల మీద ముద్రించి సేకరించేవారికి అమ్ముతున్న ముక్కల మీద కూడా డబ్ల్యూ ఉంది, అవి ప్రూఫులు కావు. అక్షరం ఒక్కటే చూసి కొన్నవారికి నష్టమే మిగులుతుంది.

విక్టోరియా రూపాయి దగ్గరకు మళ్లీ వస్తే, అన్ని పరీక్షలూ నెగ్గిన తర్వాత అసలు చిక్కు ఎదురవుతుంది. కలకత్తా, బొంబాయి టంకశాలలు పాత అచ్చులను భద్రపరిచి, సేకరించేవారు అడిగితే వాటితో మళ్లీ ప్రూఫులు తీసి ఇచ్చేవి. ఈ పద్ధతి 1970 ప్రాంతం దాకా సాగింది. 1862 అని ఉన్న ప్రూఫ్ రూపాయి 1862లో పుట్టి ఉండవచ్చు, వందేళ్ల తర్వాత పుట్టి ఉండవచ్చు. రెండూ టంకశాలలోనే, ప్రూఫ్ పద్ధతిలోనే తయారయ్యాయి కాబట్టి నకిలీ అనడానికి లేదు. ధరలో మాత్రం చాలా ఎడం ఉంటుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న అచ్చుకు తుప్పు పట్టి గుంటలు పడితే, నాణెం మీద అవి చిన్న చిన్న పొక్కుల్లా లేస్తాయి. తుప్పు వదిలించడానికి మళ్లీ సాన పడితే, తీగ కొసలు, సన్నని ఆకు ఈనెలు అచ్చు నుంచి చెరిగిపోయి నాణెం మీద తెగినట్టు కనిపిస్తాయి. ఆ ఏటి ముందుభాగపు అచ్చుకు మరో ఏటి వెనుకభాగపు అచ్చు జత కలిసిన సందర్భాలూ ఉన్నాయి. మెరుపు పరీక్ష ఇక్కడ పనికిరాదు. నిజానికి ఆలస్యంగా తీసిన ప్రూఫే ఎక్కువగా మెరుస్తుంది.

డెల్టా వాతావరణం ఈ పనిని ఇంకా కష్టం చేస్తుంది. సముద్రపు ఉప్పుగాలి, వర్షాకాలం పొడుగునా వీడని తేమ వల్ల ప్రూఫ్ అద్దం మీద పొగమంచు లాంటి తెర కమ్ముతుంది. ప్లాస్టిక్ సంచుల్లో పీవీసీ రకం ఈ ఉక్కకు చెడి, నాణెం మీద పచ్చని జిగురు వదులుతుంది. దాన్ని ఇంట్లో చిలుమనుకుని రుద్దుతారు. తెర కమ్మిన ప్రూఫ్‌ను అంచు, అక్షరాల గోడలు చూసి ఇంకా గుర్తించవచ్చు. రుద్దేసిన ప్రూఫ్‌లో ఆ అంచులే గుండ్రబడిపోతాయి కాబట్టి గుర్తించే దారి మూసుకుపోతుంది. పీవీసీ లేని గట్టి డబ్బా, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం, ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ పొట్లం మార్చడం. ఇంతకు మించి ఖర్చు అక్కర్లేదు.

అనుమానం తీరకపోతే అమెరికా సంస్థకు పంపుదామనుకునేవారు ఒక చట్టాన్ని గుర్తుంచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రభుత్వమో, ప్రభుత్వ అనుమతి పొందిన సంస్థో తప్ప ఎవరూ దాన్ని దేశం దాటించకూడదు. విక్టోరియా, ఎడ్వర్డ్ రూపాయలన్నీ, ఐదో జార్జి తొలి రూపాయలూ ఇప్పటికే ఆ పరిధిలో ఉన్నాయి. ముద్రపై ఏడాది 1862 అయి, తీసింది 1960ల్లో అయితే ఏమిటన్న ప్రశ్న తపాలా కౌంటరు దగ్గర తేలేది కాదు. కాబట్టి దేశంలోనే అనుభవమున్న కంటికి చూపించాలి. ఫొటో పంపి అడిగేటప్పుడు ఎదురుగా తీసిన మెరుపు బొమ్మ ఒక్కటే పంపితే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఒకే దీపం కింద నాణేన్ని రెండు కోణాల్లో వంచి తీసిన ఫొటోలు, గట్టును పక్క నుంచి తీసినది, పక్క అంచు గీట్లది, ‘రూపీ’ అన్న మాటలోని ఆర్, పీ అక్షరాల కడుపు కనిపించేలా భూతద్దంలోంచి తీసినది కావాలి. వాటితో పాటు రెండు దశాంశాల దాకా బరువు రాయాలి. విక్టోరియా రూపాయి నిర్ణీత బరువు 11.66 గ్రాములు. ఏటేటా తోమిన రూపాయి సాధారణంగా అంతకన్నా తక్కువే తూగుతుంది.